తోళ్ల కార్ఖానాలో గంధకపు గాలి

ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. నాకు వచ్చినవి రెండే. ఒకటి నా పైవాడు రిటైరైనందువల్ల వచ్చింది. రెండోది ఇంకొకరికి రావలసింది, పేరు కలిసినందువల్ల నాకు వచ్చింది. రెండింటిలోనూ నా ప్రతిభ ఏమీ లేదు.

రాయవలసింది వేరే ఉంది. మొన్న మా వాడకట్టులో ఫార్మసీ చదివిన ఒక అమ్మాయి కొలువులో చేరబోతూ చెప్పిపోవడానికి వచ్చింది. "తాతా, మీ కాలంల కాంపౌండర్ అంటే ఏం పని ఉండేది? డాక్టర్ రాసింది కలిపి పొట్లం కట్టుడే కదా?" అంది. అంతే బిడ్డా అన్నాను. నేను కూడా చాలా ఏళ్లు అంతే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఒక మనిషి చావు దాకా పోయి వచ్చాడు. ఆ పిల్ల వెళ్లిపోయిన తర్వాత, ఈ సంగతి చెప్పకుండా పంపించానే అని మనసు పీకింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

గజ్జి మందు

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా విడిగా ఉన్న రోజుల్లో, కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ వైపు ఒక చిన్న సర్కారు దవాఖానలో నా కొలువు మొదలైంది. రిజిస్టరు ఉర్దూలో ఉండేది, డాక్టరు రాసే చీటీ ఇంగ్లీషులో ఉండేది, జబ్బు మాత్రం తెలుగులో ఉండేది. ఈ మూడింటినీ కలపడమే నా పని.

ఊళ్లన్నిటికీ ఒకటే జబ్బు, గజ్జి. దానికి ఒకటే మందు, గంధకం మలాం. వ్యాజిలైనులో గంధకపు పొడి వేసి రాతి పలక మీద నూరేవాణ్ని. మెడ నుంచి అరికాలి దాకా మూడు రోజులు పూసుకుంటే దురద పోయేది. అంత నమ్మకంగా పనిచేసే మందు మా అలమారాలో మరొకటి లేదు. అందువల్ల నాకు గంధకం మీద భక్తి కుదిరింది. చర్మం మీద ఏది కనిపించినా నా చెయ్యి తనంతట తానే పసుపురంగు డబ్బా మీదికి పోయేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఆ కొలువు వదిలి, ఆదిలాబాద్ జిల్లాలో గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన ఒక తోళ్ల కార్ఖానా దవాఖానలో చేరాను. కార్ఖానా పేరు రాయను. అది ఇప్పుడు లేదు, దాని వాసన కూడా లేదు.

కిటికీ గట్టు

కార్ఖానా పని ఇలా సాగేది. సంతల నుంచి బండ్ల మీద వచ్చిన పశువుల తోళ్లను నానబెట్టి, సున్నం గుంతల్లో వేసేవారు. సున్నంలో సోడియం సల్ఫైడ్ అనే గంధకపు రసాయనం కలిపేవారు. అది ఎర్రటి పెళ్లలుగా పీపాల్లో వచ్చేది కాబట్టి పనివాళ్లు ఎర్రమందు అనేవారు. రెండు మూడు రోజులకు తోలు మీది బొచ్చు మెత్తబడి, మొద్దు కత్తితో గీకితే జారిపోయేది. ఆ తర్వాత షెడ్డు అవతలి వైపు తోళ్లను ఉప్పు, తేజాబు కలిపిన నీళ్లలో ఊరబెట్టేవారు. తేజాబు అంటే గంధకామ్లం. సున్నం గుంతల నుంచి ఎప్పుడూ కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. నా దవాఖాన గదికి రెండు కిటికీలు ఉంటే, గుంతల వైపు కిటికీకి మేకులు కొట్టేశారు. వైద్యం మొత్తం రెండో కిటికీలోంచే జరిగేది.

గుంతల్లో పనిచేసేవాళ్లంతా చుట్టుపక్కల మాదిగవాడల నుంచి వచ్చినవాళ్లు. ఇంటి లందల్లో, అంటే తోళ్లు నానేసే తొట్లలో, తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసిన చేతులు వాళ్లవి. తోలు సంగతి మేనేజరు కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లు చేతుల పగుళ్లకు మందు కోసం కిటికీ బయట నిలబడేవారు. నేను గంధకం మలాం మోదుగాకులో పెట్టి, ఆ ఆకును కిటికీ గట్టు మీద ఉంచేవాణ్ని. వాళ్లు తీసుకుని పోయేవారు. ఎవరి చెయ్యీ నేను ముట్టుకునేవాణ్ని కాదు. నా ముందున్న కాంపౌండరు అట్లాగే చేసేవాడు కాబట్టి అది అక్కడి రూలు అనుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అది రూలు కాదని నాకు అప్పుడే తెలుసు.

అలా ఏడాది గడిచింది. రిజిస్టరులో గజ్జి అని రాశాను, మలాం అని రాశాను. పేర్లు పెరుగుతున్నాయి తప్ప ఎవరి పేరూ తగ్గడం లేదు. ఆ సంగతి నాకు అనుమానం కలిగించలేదు. దవాఖాన బాగా నడుస్తోందని సంతోషం కలిగించింది.

బొచ్చు గీకే ఆడవాళ్లకు పెద్ద దిక్కు లచ్చవ్వ. ముప్పై అయిదేళ్లు ఉంటాయి, గట్టి గొంతు. ఒకరోజు ఆమె ఆకును తీసుకోకుండా నిలబడింది.

"సారూ, గీ మలాం ఇంకో రకంది లేదా?"

"ఎందుకు? ఇది మంచి మందు."

"మంచిదే కావచ్చు. కని గిది గుంత వాసనే కొడుతంది. పొద్దంత గుంతల పెట్టిన చేతికి, ఇంటికి పోయినంక మళ్ల గుంతనే రాసుకున్నట్టుంది సారూ."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి చాపింది.

"జర ముట్టి చూడు. గజ్జి గిట్లుంటదా?"

అప్పుడు ముట్టుకున్నాను. ఆ చెయ్యి తడిసిన సబ్బుబిళ్లలా జారింది. వేళ్ల కొసల మీద గీతలు లేవు. అరిగిపోయి నున్నగా ఉన్నాయి. గోళ్లు నొక్కితే తమలపాకులా వంగాయి. మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. గోళ్ల చుట్టూ పుండ్లు, వేళ్ల మధ్య ఎర్రటి చీలికలు. గజ్జికి ఉండే సన్నటి పొక్కులు ఎక్కడా కనిపించలేదు.

"దురద ఉంటుందా?" అని అడిగాను.

"దురద లేదు. మంట. అన్నం కలుపుకుంటే కారం తగిలి పాణం పోతది."

ఏడాదిగా నేను రాసిన గజ్జి అంతా ఆ ఒక్క మాటతో పోయింది.

ఆ రోజే ఒక పింగాణీ గిన్నెలో గుంత నీళ్లు తెప్పించి, నా తలవెంట్రుకలు నాలుగు, కత్తిరించిన గోటిముక్కలు రెండు అందులో వేశాను. సాయంత్రానికి వెంట్రుకలు గంజిలా కరిగాయి. గోరు జిగురైంది. జుట్టు, గోరు, చర్మం పైపొర, మూడూ కెరటిన్ అనే ఒకే పదార్థం. పైపొరలోని కణాలను బలంగా నిలిపేది అదే. ఎర్రమందు ఆ పదార్థంలోని కట్లను తెంచుతుంది. ఎద్దు తోలు మీది బొచ్చును రాల్చడానికి కొన్న మందు, ఆ పక్కనే ఉన్న మనిషి చర్మాన్ని వదిలిపెట్టడానికి కారణం ఏముంది? పైగా దాని మీద నేను ప్రతిరోజూ గంధకం పూయించాను. గంధకం తిన్న చేతికి గంధకమే మందిచ్చి, సంతకం కూడా చేశాను.

నల్లబడ్డ చేతులు

మా డాక్టరు గురువారం గురువారం దగ్గరి పట్టణం నుంచి వచ్చేవారు. హైదరాబాద్‌లో చదివిన పెద్దమనిషి, మాట మెత్తన, ఇస్త్రీ మడత నలగనిచ్చేవారు కాదు. నా గిన్నె చూపించాను. దూరం నుంచే చూశారు.

"వెంట్రుకకు జీవం ఉందా మియా? లేదు. చేతికి జీవం ఉంది. రెండింటినీ ఒకే తీరుగ చూస్తే ఎట్ల? గంధకం ఊటలల్ల స్నానం చేస్తందుకు దొరలు ఎంతెంత దూరం పోతరో తెలుసా? వీళ్లకు ఇక్కడనే దొరుకుతుంది."

"వాళ్లు స్నానం చేసి బయటికి వస్తరు సార్" అన్నాను. ఆ మాట ఆయనకు వినిపించలేదు, లేదా నేను వినిపించేంత గట్టిగా అనలేదు.

ఆయన వెళ్లిన తర్వాత గంధకం మలాం నా అంతట నేనే ఆపాను. తడి పుండ్ల మంటకు లెడ్ లోషన్ చల్లగా ఉంటుందని పుస్తకంలో ఉంది. అది సీసం కలిసిన నీళ్లమందు. దూది ముంచి లచ్చవ్వ చేతులకు అద్దాను. చూస్తుండగానే రెండు చేతులూ బొగ్గు పూసినట్టు నల్లబడ్డాయి.

"ఓ అవ్వో! సారు నా చేతులు కాలవెట్టిండు!" అని ఆమె వేసిన కేకకు గుంతల దగ్గర పని ఆగిపోయింది.

సీసం గంధకంతో కలిస్తే నలుపవుతుందని నాకు తెలియనిది కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కానీ పుస్తకంలోని నలుపు ఒక మనిషి చేతి మీదికి వస్తుందని తోచలేదు. ఆమె అరగంట ముందే చేతులు కడుక్కుని వచ్చింది. అంటే కడిగినా పోకుండా ఆ మందు చర్మం లోపల నిలిచి ఉంది. భంగపడి నేర్చుకున్న పాఠం అది. చేతులు ముంచి కడిగితే చాలదు, పారే నీళ్లలో చాలాసేపు కడగాలి. నేను అడిగీ అడిగీ గుంతల పక్కన ఒక కొళాయి పెట్టించాను. చేతొడుగులు కూడా అడిగాను. దవాఖానలో కట్టు కట్టేటప్పుడు వాడే పల్చటి రబ్బరువి వచ్చాయి. గీకుడు కత్తి తగిలి మొదటిరోజే చిరిగాయి. చేతొడుగులు ఇచ్చినట్టు మాత్రం ఫైలులో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

పెద్ద సాబ్ రాక

హైదరాబాద్ నుంచి ఒక పెద్ద అధికారి కార్ఖానా చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు, చురుకైనవాడు. ఆయనకు ఒకటే దిగులు, వాసన. అప్పటిదాకా సున్నం నీళ్లకు ఒక కాలువ, తేజాబు నీళ్లకు ఒక కాలువ, రెండూ తెరిచిన కాలువలు, దూరం దూరంగా పోయేవి. ఆయన రెండింటినీ కలిపి ఒకటి చేయించి, పైన బండలు పరిపించాడు. చివర ఆ నీళ్లు చేరడానికి నిలువెత్తు లోతున ఒక హౌజు కట్టించి, దాని మీద చెక్క మూత వేయించాడు.

అధికారి వచ్చారు. "తోళ్ల కార్ఖానా అంటే ముక్కు మూసుకోవాలనుకున్నాను. మీరు చాలా శుభ్రంగా ఉంచారు" అని పుస్తకంలో రాసి వెళ్లారు. నేను కూడా చప్పట్లు కొట్టినవాళ్లలో ఉన్నాను.

రెండు రోజులకు హౌజు బొచ్చుతో పూడుకుపోయి నీళ్లు వెనక్కి తన్నాయి. దిగి తీయమని లచ్చవ్వ పెనిమిటి రాజయ్యకు చెప్పారు. అతను నెమ్మదస్తుడు, ఏదైనా అడిగి చేసే మనిషి. మధ్యాహ్నం నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సారూ, మూత తీస్తే మస్తు వాసనొచ్చింది. తల తిరిగినట్టయింది. దిగాల్నా, వద్దా?"

నేను పొడి తూస్తున్నాను. తలెత్తలేదు. "జరసేపు మూత తీసిపెట్టు. వాసన పోయినంక దిగు."

అతను పోయి ఆ హౌజు పక్కనే కూర్చున్నాడు. కొంతసేపటికి మళ్లీ వచ్చాడు.

"పోయింది సారూ. ఇప్పుడేం వాసన లేదు."

"అయితే దిగు."

ఈ రెండు మాటలు నా ముప్పై ఏళ్ల కొలువులో అన్నిటికంటే తొందరగా ఇచ్చిన సలహా. ఆ గాలి సంగతి మీరు గుర్తుంచుకోవాలి. అది కొంచెం ఉన్నప్పుడు ముక్కు బద్దలయ్యే వాసన కొడుతుంది. ఎక్కువైతే, లేదా దాని పక్కనే కొంతసేపు కూర్చుంటే, వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. పోయింది గాలి కాదు, రాజయ్య ముక్కు. పైగా సున్నం నీళ్లలోని ఎర్రమందుకు తేజాబు తగిలితే ఆ గాలి పొంగుకొస్తుంది. రెండు కాలువలు కలిపి మూత పెట్టడమంటే, అది తయారుచేసి నిలవ పెట్టడమే. బరువైన గాలి కాబట్టి లోతులో కూర్చుంటుంది.

రాజయ్య నిచ్చెన దిగి, పారతో అడుగు కలిపాడు. అంతే, మాట లేకుండా కుప్పకూలాడు. కేకలు విని నేను పరుగెత్తేసరికి అతని తమ్ముడు హౌజులోకి ఒక కాలు పెట్టి ఉన్నాడు. లచ్చవ్వ అతని జుట్టు పట్టి వెనక్కి లాగింది.

"దిగకు! ఒక్కడు సాలడా? కొండికర్ర తేండ్రి!"

గుంతల్లోంచి తోళ్లు లాగడానికి పొడవాటి కర్రకు ఇనుప కొండి ఉంటుంది. ఆమె నేల మీద బోర్లా పడుకుని, దాన్ని దించి, మొగుడి మొలతాడుకు, ధోవతి కట్టుకు కలిపి తగిలించింది. నలుగురం గుంజాం. రోజూ తోలు లాగే చేతులు కాబట్టి పట్టు తప్పలేదు. నేను హౌజు మీదికి వంగినప్పుడు నాకు ఏ వాసనా రాలేదు. కళ్లు మాత్రం తిరిగాయి. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో.

రాజయ్య పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి లేదు. దూరంగా గాలిలోకి మోసుకుపోయి, బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నొక్కుతూ వదులుతూ కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను. లచ్చవ్వ ఏడవలేదు. "ఆపకు సారూ, ఆపకు" అంటూనే ఉంది. చివరికి ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గంత ఇంపైన చప్పుడు నేను మళ్లీ వినలేదు.

రిజిస్టరులో మూర్ఛ

కబురు అంది డాక్టరుగారు ఆ సాయంత్రమే వచ్చారు. మేనేజరు ఆయన వెంటే గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"గ్యాసూ గీసూ అని రాస్తే ఎంక్వైరీ వస్తుంది డాక్టరుగారూ. మొన్ననే కదా అంత బాగుందని రాసి వెళ్లారు. ఆయన మాట ఏమైపోవాలి?"

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మూర్ఛ అని రాయి."

రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు. ఆ మాట చాలా అందంగా రాశాను.

పదిహేను రోజులకు దాని ఫలితం వచ్చింది. మూర్ఛ రోగి గుంతల దగ్గర పనికి తగడని రాజయ్యను తీసేశారు. రిజిస్టరు ప్రకారం ఆ నిర్ణయం సరైనదే. లచ్చవ్వ అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. అతని చేతిలో ఇనుప తాళంచెవుల గుత్తి ఉంది.

"ఊర్ల ఎక్కడ కూసున్నా చేతుల తాళంచెవులు పెడుతున్నరు సారూ" అన్నాడు రాజయ్య సిగ్గుపడుతూ. "పడిపోతనేమోనని బండి తోలనిస్తలేరు. బాయి కాడికి రానిస్తలేరు."

లచ్చవ్వ కొంగు ముడి విప్పి అతని వెండి మొలతాడు గట్టు మీద పెట్టింది. అది కారునలుపుగా ఉంది.

"గిది సూడు. పెద్ద సాబ్ వస్తుండు, మంచిగ తయారై రావాలె అన్నరని బూడిదతోటి తోమి తెల్లగ చేసిన. హౌజులకెళ్లి తీసినంక గిట్లయింది. మూర్ఛ మనిషికొస్తది గని, మొలతాడుకొస్తదా సారూ?"

మొలతాడు చేతిలోకి తీసుకుని అన్నాను, "మూర్ఛ అని రాసింది నేనే లచ్చవ్వా. దిగమన్నదీ నేనే."

"తెల్సు. ఆయిన చెప్పిండు. అందుకే నీ కాడికొచ్చిన. నువ్వు రాసినదాన్ని ఇంకెవలు కొట్టేస్తరు?"

నయమైన జబ్బు

తర్వాతి గురువారం వసారాలో ఒక బేసిన్ పెట్టి, సున్నం గుంత నీళ్లు పోశాను. డాక్టరుగారినీ మేనేజరునూ గాలి వచ్చే వైపు దూరంగా నిలబెట్టాను. లెడ్ లోషన్‌లో ముంచిన కాగితం కర్ర కొసకు గుచ్చి బేసిన్ మీద పట్టుకుని, రెండో చేత్తో తేజాబు నాలుగు చుక్కలు వేశాను. కాగితం మాడిన రొట్టెలా నల్లబడింది. పక్కన మొలతాడు పెట్టాను. కొలువు పోతే ఇంట్లో ఏం చెప్పాలో అంతకు ముందే అనుకుని వచ్చాను.

మేనేజరు జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, "కాలువలు విడగొట్టిస్తాను. నీళ్లు సరిగా పారడం లేదని రాసుకుంటాను" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అతనికి కారణం కావాలి, అది గ్యాసు మాత్రం కాకూడదు.

డాక్టరుగారు మొలతాడు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పారు. "రాసింది కొట్టేస్తే రిజిస్టరు ఖరాబైతది మియా" అన్నారు. తర్వాత కలం తీసి తామే రాశారు: 'మూర్ఛ పూర్తిగా నయమైంది. అన్ని పనులకూ తగును.'

రాజయ్య తిరిగి పనిలో చేరాడు. దాంతో కథ అయిపోవాలి. కానీ ఫలానా డాక్టరు మూర్ఛను నెలలోపలే కుదిర్చాడన్న మాట చెన్నూరు దాకా పాకింది. గురువారాల్లో ఎడ్లబండ్ల మీద మూర్ఛ రోగులు రావడం మొదలైంది. ఒకరోజు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగారు.

"రాజయ్యకు మనం ఏం మందిచ్చినం?"

"గాలి సార్."

"స్టాకుల ఉందా?"

ఆయన హాస్యమాడారో నిజంగా అడిగారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రోజు నేను గెలిచానని అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోను. నిజమైన కారణం రిజిస్టరులోకి ఎక్కలేదు. ఇంకో జిల్లాలో ఇంకో మేనేజరు రెండు కాలువలు కలిపి మూత పెడితే, వద్దని చెప్పడానికి కాగితం లేదు. ఒక మనిషి కొలువు నిలబెట్టి, ఆ సంతోషంలో మిగతాది వదిలేశాను. మీరు అట్లా వదలకండి.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక చర్మవ్యాధుల డాక్టరు నాకు ఇంకొక సంగతి చెప్పారు. గంధకం మలాం పూస్తే, మన చర్మకణాలే దాన్ని కొద్దికొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయట. గజ్జి పురుగును చంపడంలో దానికీ భాగం ఉందట. అంత కొంచాన్ని చర్మకణం ఓర్చుకుంటుంది. ఎక్కువైతే చస్తుంది. అంటే హుస్నాబాద్‌లో నాకు పేరు తెచ్చిందీ, ఇక్కడ లచ్చవ్వ చేతులు తిన్నదీ, రాజయ్యను పడగొట్టిందీ ఒక్కటే. తేడా అంతా ఎంత అన్న దగ్గరే ఉంది. కాంపౌండరు పనంటే ఆ ఎంత అన్నది చూసుకోవడమే. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇదే.

తాడు

ఆ తర్వాత మేనేజరు కాలువలు విడగొట్టించి, సున్నం నీళ్లకు మిగిలిన హౌజు దగ్గర ఒక బోర్డు పెట్టించాడు. ప్రమాదం అని ఇంగ్లీషులో చక్కగా రాయించాడు. గుంతల్లో పనిచేసేవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడూ లేడు. లచ్చవ్వ ఆ బోర్డు మేకుకు ఒక మోకుతాడు తగిలించింది. నడుముకు తాడు లేకుండా, పైన ఇద్దరు పట్టుకోకుండా ఎవరూ దిగవద్దని చెప్పింది. నాకు తెలిసి ఆ కార్ఖానాలో తుచ తప్పకుండా నడిచిన రూలు అదొక్కటే.

నేను వేరే చోటికి పోయే రోజు అందరికీ చెప్పి, చివరగా హౌజు దగ్గరికి వెళ్లాను. ఎందుకో ఒకసారి లోపలికి చూడాలనిపించింది. మూత మీద చెయ్యి వేయగానే లచ్చవ్వ వచ్చి, ఏమీ అడగకుండా నా నడుముకు తాడు చుట్టసాగింది. ఆమె గోళ్లు గట్టిపడ్డాయి. వేళ్ల కొసలు మాత్రం నున్నగానే ఉన్నాయి.

"నేను దిగను లచ్చవ్వా. వంగి చూస్తా, అంతే."

"అందరు గట్లనే అంటరు సారూ."

ముడి బిగించి, తాడు కొస రాజయ్యకు ఇచ్చింది. అతను కాళ్లు ఊతపెట్టి నిలబడ్డాడు. నేను ఇస్త్రీ బట్టలతో, మెడలో పూలదండతో, నడుముకు మోకుతాడుతో, మూత జరిపి హౌజు మీదికి వంగాను.

"వాసన వస్తుందా సారూ?" వెనుక నుంచి రాజయ్య అడిగాడు.

"వస్తుంది."

"అయితె ఫికర్ లేదు. రాకుంటె చెప్పు, గుంజుత."